చప్పిడి తాత నాలుక

మొన్న డాక్టరు నన్ను ఉప్పు మానేయమన్నాడు. రక్తపోటట. "పూర్తిగానా?" అని అడిగాను. "పూర్తిగానే అనుకోండమ్మా, అప్పుడు సగమైనా తగ్గిస్తారు" అన్నాడు. మొహం చూడగానే నా సంగతి పట్టేశాడు. నేను విజయవాడ వన్ టౌన్‌లో పుట్టి పెరిగినదాన్ని. కొట్టువాడు తూచి ఇచ్చిన చింతపండును ఇంటికొచ్చి మళ్ళీ తూచుకునే ఇల్లు మాది. ఎవరైనా ఊరికే పలకరిస్తే, వీడికి నాతో ఏం పనిబడిందో అని ఆలోచించే రకం నేను. డాక్టరు మాటనూ అలాగే మూడు రోజులు పక్కన పెట్టాను. నాలుగో రోజు కళ్ళు తిరిగాక, ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని దొండకాయ కూర కంచంలో పెట్టుకుని కూచున్నాను. మొదటి ముద్ద గొంతు దిగలేదు. అప్పుడు చప్పిడి తాత గుర్తొచ్చాడు.

ఆయనకో పేరుంది, నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఊళ్ళోనూ ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. చుట్టూ ఉప్పు పెట్టుకుని ముప్ఫై ఏళ్ళకు పైగా ఉప్పు ముట్టని మనిషి కాబట్టి చప్పిడి తాత.

డెబ్భైల నడుమ నాకు మొదటి ఉద్యోగం సముద్రం పక్కన ఒక జాలర్ల ఊళ్ళో వచ్చింది, సైన్సు టీచరుగా. విజయవాడ నుంచి బందరు దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, ఆ బస్సు ఇక నా వల్ల కాదని ఆగిపోయిన చోటి నుంచి పడవ. సముద్రానికి ఇవతల పొడుగాటి ఇసుక దిబ్బ, దాని మీద ఊరు. దిబ్బకి ఇవతల పెద్ద ఉప్పు మడుగు. ఆ మడుగుకు ఇంకా ఇవతల, మెరక మీద బడి. పిల్లలూ నేనూ రోజూ మడుగు దాటి బడికి రావాలి. దాటించేవాడు చప్పిడి తాత.

నేను పిల్లలకు సరస్సు అని పాఠం చెప్పేదాన్ని గానీ, ఊళ్ళో ఎవరి నోటా ఆ మాట వినలేదు. మడుగు అనేవారు, అంతే. చాలా మేర నడుం లోతు, రెండు మూడు చోట్ల మాత్రం మనిషి మునిగే లోతు. ఇసుక దిబ్బకి ఒక చోట గండి ఉండేది. దాన్ని మొగ అనేవారు. వానాకాలంలో డెల్టా పొలాల మీది నీళ్ళన్నీ మురుగు కాలవల గుండా వచ్చి మడుగులో పడేవి. అప్పుడు గేదెలు తాగేటంత తియ్యగా ఉండేది. దసరా దాటాక సముద్రం పోటు మీద మొగలోంచి లోపలికొచ్చేది, దాంతో రొయ్యపిల్లలూ చేపపిల్లలూ వచ్చేవి. మాఘమాసానికల్లా అలలు ఇసుకను తెచ్చి మొగను పూడ్చేసేవి. ఇక లోపలి నీళ్ళు లోపలే. ఎండలు ముదిరేకొద్దీ మడుగు కుంచించుకుపోయేది, అంచులు తెల్లగా పేరుకునేవి. చైత్రం వెళ్ళేసరికి మడుగు నీళ్ళు సముద్రం కంటే ఉప్పగా అయ్యేవి. సముద్రం కంటే ఉప్పగా ఉండే నీళ్ళు ఉంటాయని నేను చదువుకున్నాను గానీ, అక్కడికి వెళ్ళేదాకా నిజంగా నమ్మలేదు.

ఊరంతా ఆ మడుగు మీదే బతికేది. మగవాళ్ళు వంతుల ప్రకారం వలలు కట్టేవారు. ఆడవాళ్ళు పీతలు పట్టేవారు, అంచుల్లో మొలిచే ఇలకూర కోసుకొచ్చి పప్పులో వేసేవారు. ఆ కూరలో ఉప్పు వేయక్కర్లేదు, ఆకులోనే ఉంటుంది. ఒడ్డున పెరిగే గడ్డితో ఇళ్ళు కప్పుకునేవారు. ఉత్తరం వైపు మాత్రం విజయవాడ కాంట్రాక్టరు ఒకడు ఉప్పుమళ్ళు వేయించాడు. మడుగు నీళ్ళను మళ్ళలోకి తోడి ఎండబెట్టి ఉప్పు తీసేవాడు.

ఇక్కడే ఉంది పేచీ. ఏటా వేసవిలో పూడిపోయిన మొగను ఊరివాళ్ళు పారలతో తెంచి, సముద్రాన్ని మళ్ళీ లోపలికి రానిస్తారు. ముందే తెంచితే అలలు నాలుగు రోజుల్లో మళ్ళీ పూడ్చేస్తాయి, చాకిరీ దండగ. ఆలస్యమైతే ఉప్పు ఎక్కువై చేపలు చస్తాయి. కాంట్రాక్టరుకేమో ఎంత ఆలస్యమైతే అంత మంచిది, నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటే మళ్ళలో ఉప్పు అంత తొందరగా పండుతుంది. ఎప్పుడు తెంచాలో చెప్పేది చప్పిడి తాత నాలుక. ఇటు మడుగు నీళ్ళు, అటు సముద్రం నీళ్ళు రుచి చూసి, మడుగుది ఎక్కువైందనగానే పారలు పట్టుకుని బయల్దేరతారు. ఆ నాలుక చురుగ్గా ఉండాలని ఆయన ఉప్పు తినడు, చుట్ట కాల్చడు, తాంబూలం వేయడు. ఆ ఊళ్ళో అది తాతలనాటి పద్ధతి. ఒక నాలుక ముసలిదైపోతే కులపెద్దలు కూచుని ఇంకో మనిషిని చూస్తారు, ఆ రోజు నుంచి అతను చప్పిడి కూటికి మారతాడు.

ఇదంతా విని నేను, "నాలుకతో ఉప్పు కొలుస్తాడట, మనం నమ్మాలట" అని బళ్ళో తోటి టీచర్లతో నవ్వాను.

మనిషి పొట్టి. ఎండకి నల్లబడిన వీపు, మోకాళ్ళ మీదికి కట్టిన గోచీ పంచె. పడవ నడుపుతూ మధ్యమధ్య నాలుగు వేళ్ళు నీళ్ళలో ముంచి, ఒకసారి విదిలించి, నాలుక కొసకి రాసుకునేవాడు. ఎడమ కన్ను మూసేవాడు. ఎడమ పక్కకే ఉమ్మేవాడు. తరవాత ఎప్పుడూ ఒకటే మాట: "నమ్మేదానికి లేదు." గాలి గురించి అడిగినా అదే మాట, మబ్బు గురించి అడిగినా అదే. నేను ఎక్కిన మొదటి రోజు నా సంచి వంక చూసి, "ఏందమ్మా అందులో?" అన్నాడు.

"పుస్తకాలు."

"పుస్తకాలు అంత బరువుండవు. పడవ కుంగింది."

సంచిలో ఇనప తాళం కూడా ఉంది. గదికి ఇంటివాళ్ళిచ్చిన తాళం నమ్మక విజయవాడ నుంచి తెచ్చుకున్నాను. ఆయనకు చూపించక తప్పలేదు. దాన్ని చేత్తో తూచి, నన్ను ఎగాదిగా చూసి, "మీరూ మాలాంటోళ్ళే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

పైగా ఆయన ఏ రోజూ తిన్నగా తీసుకెళ్ళేవాడు కాదు. ఒకరోజు కుడి నుంచి, ఒకరోజు ఎడమ నుంచి, ఒక్కోరోజు సగం దూరం వెళ్ళి వెనక్కి. బళ్ళో నా మొదటి గంట పోయేది, హెడ్మాస్టరు గోడ గడియారం వంక చూసేవాడు.

"నిన్న అటు నుంచి వచ్చావు, ఇవాళ ఇటెందుకు తాతా?"

"నిన్నటి మడుగు వేరమ్మా, ఇయ్యాల మడుగు వేరు."

ఇందులో ఏదో మతలబు ఉందని వారం రోజులు కాపు కాశాను. ఉంది. దారిలో తన పీతల బుట్టలు ఎత్తి చూసుకుంటున్నాడు. పట్టుకుని అడిగితే, "మరి మీరు బడికి పోతా దార్లో ఉత్తరాలు డబ్బాలో వెయ్యరా?" అన్నాడు. ఆ తరవాత ఆయన మీద నాకు అనుమానం ఇంకా పెరిగింది, కొంచెం ఇష్టం కూడా కలిగింది. రెండూ ఎలా కలుగుతాయో నన్నడక్కండి.

ఊళ్ళో తాగే నీళ్ళు ఉండేవి కావు. కాలవ నుంచి పడవలో తెచ్చుకోవాలి. ఆదివారాలు చప్పిడి తాత నా గదికి రెండు బిందెలు తెచ్చి పెట్టేవాడు. సగం మడుగు నీళ్ళు కలిపాడేమోనని ప్రతిసారీ ఆయన ముందే ఒక గుక్క తాగి చూసేదాన్ని. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు, పైగా మెచ్చుకోలుగా చూసేవాడు. మాఘమాసంలో ఒక ఆదివారం, పాపం ఎండన పడి తెచ్చాడని కాఫీ ఇచ్చాను. కాఫీలో ఉప్పు ఉండదు కాబట్టి తాగుతాడు. గుమ్మంలో కూచుని గ్లాసెడూ ఊదుకుంటూ తాగాడు. "పంచదార బాగా పడిందమ్మా" అని గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు.

తరవాత నా కాఫీ తాగబోయాను. ఒక్క గుక్కకే ఉమ్మేశాను, ఉత్త ఉప్పు. దంచి పెట్టుకున్న ఉప్పు సీసా, పంచదార సీసా పక్కపక్కనే పెట్టిన తెలివి నాది. ఆ ఊరి ఉప్పు అంత తెల్లగా ఉంటుంది మరి. ముందు, అయ్యో ఆ ముసలాయన వ్రతం చెడగొట్టానే అనుకున్నాను. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఉప్పు కాఫీని పంచదార కాఫీ అనుకుని తాగిన నాలుకతోనా ఈ ఊరు మొగ తెంచుతోంది?

ఊరుకుంటే నేను వన్ టౌన్ పిల్లనెందుకవుతాను? మరుసటి ఆదివారం అసలేమీ వేయకుండా చేదు కాఫీ ఇచ్చాను. "ఇయ్యాల తీపి ఎక్కువైంది" అన్నాడు.

సోమవారం బడికి వెళ్ళేటప్పుడు పిల్లల్ని తాత ముందు విడతలోనే దించి వచ్చాడు. మడుగు మధ్యకొచ్చాక అడిగేశాను.

"తాతా, నీకు రుచి తెలియడం లేదు కదూ?"

పడవను తోసే గెడ ఆగిపోయింది. రెండు ఒడ్లూ సమాన దూరంలో ఉన్నాయి. నాకు ఈత రాదు. ఎక్కడ నడుం లోతో, ఎక్కడ నిలువు లోతో తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఈ మాట ఒడ్డున అడిగి చావొచ్చు కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఎవరు చెప్పారండి?"

"కాఫీ చెప్పింది."

ఆయన పడవ అంచు మీద కూచున్నాడు. "మూడేళ్ళయింది. పెద్ద జ్వరం వచ్చి లేచాను. లేచాక మడుగులో చెయ్యి ముంచి నాలిక్కి రాసుకుంటే ఏమీ లేదు. కల్లుప్పు నోట్లో వేసుకున్నా. గులకరాయి నమిలినట్టుంది."

"మరి మూడేళ్ళూ ఎలా చెప్పావు? ఊరిని మోసం చేశావా?"

"ఒక్క యేడూ తప్పు చెప్పలా."

"ఎలా అని అడుగుతున్నాను."

"చెబితే మీరు ఇంకొకరికి చెబుతారు."

"చెప్పను."

"నమ్మేదెట్టా?"

"నమ్మకు. చెప్పకపోతే మాత్రం ఇవాళే అందరికీ చెబుతాను." నేను ఒక ముసలివాణ్ణి అలా బెదిరించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

అప్పుడు చెప్పాడు. ఉగాది నాడు తన పెట్ట పెట్టిన గుడ్డును ఊక పోసిన కుండలో దాచి పెడతాడు. మూడు వారాలు కదిలించడు. ఆ తరవాత రోజూ తెల్లవారుతుండగా రెండు ముంతలు తీసుకుంటాడు. ఒక ముంతలో సముద్రం నీళ్ళు, ఒక ముంతలో మడుగు నీళ్ళు. సముద్రం నీళ్ళలో గుడ్డు మునుగుతుంది. మడుగు నీళ్ళలో తేలిన రోజున ఊళ్ళోకొచ్చి, అందరి ముందూ నీళ్ళు నాలుకకి రాసుకుని, ఒక కన్ను మూసి, తెంచమంటాడు.

గుడ్డు పాతబడేకొద్దీ పెంకులోంచి తడి ఆరిపోయి తేలికవుతుంది, నీళ్ళు ఉప్పగా అయ్యేకొద్దీ బరువెక్కుతాయి. సాంద్రత అని నేను పిల్లల చేత బట్టీ పట్టించే పాఠం. ఈయన దాన్ని ఊక కుండలో పెట్టుకుని కూచున్నాడు.

"ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

"మొక్కు గుడ్డని చెప్పా. ముట్టుకోరు."

"ఇంత మంచి ఉపాయం ఊళ్ళో చెబితే ఏం పోయింది?"

"మొగ పోద్ది" అన్నాడు. అంతకు ముందు యేడు కాంట్రాక్టరు తన దగ్గర ఉప్పు కొలిచే గాజు గొట్టం ఉందనీ, ఎవరో ముసలాడి నాలుక మీద తన ఉప్పుమళ్ళు ఆధారపడటమేమిటనీ పైవాళ్ళకు అర్జీ పెట్టాడట. వచ్చిన ఆఫీసరు, ఊరి పద్ధతి నడిచినన్నాళ్ళూ ఊరి మాటే చెల్లుతుందనీ, అది ఉత్తిదని తేలితే గొట్టం మాట చెల్లుతుందనీ చెప్పి వెళ్ళాడట. "నాలిక చచ్చిందని తెలిస్తే గొట్టం వచ్చుద్ది. గొట్టం ఆడి చేతిలో ఉంటది. చేపలన్నీ చచ్చిందాకా ఆడి గొట్టం ఇంకా కాలేదనే చెబుద్ది." ఆ మాట మాత్రం నేను మారు మాట్లాడకుండా నమ్మాను. విజయవాడ వ్యాపారుల సంగతి నాకొకరు చెప్పాలా?

ఆ యేడు ఎండలు మండిపోయాయి. చైత్రం చివరికి మడుగు సగానికి సగం తగ్గింది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. జనం ఒడ్డున చేరి రోజూ తాతను అడిగేవారు. ఆయన నీళ్ళు నాలుకకి రాసుకుని, కన్ను మూసి, "ఇంకా కాలా" అనేవాడు. నాలుగో రోజుకి చచ్చిన పండుగప్పలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, ఒక్కొక్కటీ మూరెడు. ఆ వాసన బడి దాకా వచ్చింది. అయినా ఆయన "ఇంకా కాలా" అన్నాడు.

దానికి రెండు రోజుల ముందే కాంట్రాక్టరు జీపు కాలవ గట్టు మీద ఆగింది. తాత పడవ కూడా అక్కడే ఉంది. మర్నాడు పడవలో కొత్త గొడుగు కనిపించింది, వంకీ పిడి గొడుగు. జీవితంలో ఎండకి తలగుడ్డ కూడా కట్టని మనిషికి గొడుగెందుకు? "కొన్నావా తాతా?" అన్నాను. వినిపించుకోనట్టు గెడ వేశాడు. నేనే కాదు, ఊరంతా ఆ గొడుగు చూసింది. నీళ్ళ పడవల దగ్గర, వలలు ఆరేసే చోట అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలైంది. నా సంగతి చెబుతున్నాను, నేను వాళ్ళకంటే ఎక్కువే అనుమానించాను. వాళ్ళకు గొడుగు ఒక్కటే తెలుసు. నాకు గుడ్డు సంగతీ తెలుసు. గుడ్డు అబద్ధం చెప్పదు కదా, మరి ఈయన చెబుతున్నాడన్నమాట అనుకున్నాను. బళ్ళో నీళ్ళ సాంద్రత కొలిచే గొట్టం పగిలిపోయి రెండేళ్ళయింది. నేనే రెండు నీళ్ళూ నోట్లో పోసుకుని చూశాను. రెండూ ఒకేలా భరించలేకుండా ఉన్నాయి.

పండుగప్పలు కొట్టుకొచ్చిన రోజు మధ్యాహ్నం బడి వరండాలోకి తాత కోడలు వచ్చింది. చిన్న పడవ తానే వేసుకుని వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. ఎవరైనా వింటారేమోనని చుట్టూ చూసి, స్తంభం పక్కకి జరిగింది.

"అమ్మగారూ, చేపలు నా మూలానే చస్తున్నాయా?"

"నీ మూలానేమిటి?"

"మావయ్య మొక్కు గుడ్డు పగిలిపోయిందండి. ఉగాది ఎళ్ళిన రెండు వారాలకి. గిన్నెలు తోమేదానికి ఊక తీసుకుంటా చూసుకోలా. మావయ్యకి చెబితే ఏమంటాడో అని, ఆ పొద్దు పెట్ట పెట్టిన గుడ్డే తీసి అందులో పెట్టేశా. గంగమ్మ తల్లికి కోపమొచ్చిందండి."

కొత్త గుడ్డు బరువుగా ఉంటుంది. మడుగులో అది తేలాలంటే ఇంకా రెండు వారాలు కావాలి. ఆయన రోజూ తెల్లవారుతూనే ముంతలో వేసి, మునిగిందని చూసి, నిజాయితీగా "ఇంకా కాలా" అంటున్నాడు. తన కళ్ళ ముందు చేపలు చస్తున్నా, తన చచ్చిన నాలుకకంటే గుడ్డునే నమ్ముతున్నాడు. దేన్నీ నమ్మని మనిషి లోకంలో నమ్మింది ఆ ఒక్క గుడ్డునే.

"నువ్వెవరితోనూ అనకు" అని ఆ పిల్లకి చెప్పి, ఆమె పడవలోనే మడుగు దాటాను. ఒడ్డున జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో చప్పిడి తాత, ఎదురుగా కులపెద్ద. కులపెద్ద చేతిలో ఒక చచ్చిన పండుగప్ప ఉంది.

"ఏం తీసుకున్నావురా?" అని అడిగాడు కులపెద్ద. గొంతు పెద్దది చేయలేదు. వాళ్ళిద్దరూ ఒక ఈడువాళ్ళు. "ఇదిగో దీని కళ్ళు చూసి చెప్పు. ఏం తీసుకున్నావు?"

నేను జనంలోంచి తోసుకుని ముందుకెళ్ళాను. "ఆగండి. ఆయన ఏమీ తీసుకోలేదు. అసలు సంగతి ఆ గుడ్డు..."

తాత నా వైపు తిరిగాడు. ఒక్క క్షణం. నేను ఏదో తెలుసుకుని వచ్చానని పోల్చుకున్నాడు. ఆ మాట పూర్తయితే ఏమవుతుందో నాకంటే ముందు ఆయనకు అర్థమైంది.

"పంతులమ్మగారూ, మీరు ఊరుకోండి" అన్నాడు. తరవాత కులపెద్ద వంక చూసి, "తీసుకున్నా. గొడుగు తీసుకున్నా. మొగ తెంచండి, నా నాలిక్కి ఎప్పుడో తెలిసింది" అన్నాడు.

ఎవరూ ఆయన్ని కొట్టలేదు. కొట్టినా బాగుండేది. కులపెద్ద చేప కింద పడేసి, చేతులు కడుక్కుని, పారలు తెమ్మన్నాడు. ఏటా మొదటి పార వేసేది చప్పిడి తాత. ఆ రోజు కులపెద్దే వేశాడు. పోటు సమయానికి, ఇంకా పొద్దు ఉండగానే సముద్రం లోపలికొచ్చింది. ముందు మోచెయ్యంత కాలవ, తరవాత దిబ్బ అంచులు విరిగి పడుతూ పెద్ద ప్రవాహం. పిల్లలు కేరింతలు కొట్టారు. తాత దూరంగా తన పడవలో కూచుని ఉన్నాడు. గొడుగు పక్కనే ఉంది, వేసుకోలేదు. చేపల్లో సగం బతికాయి.

ఆ యేడు ఆయనకు వల వంతు లేదన్నారు. ఆయన పడవ ఎక్కవద్దని పిల్లలకు ఇళ్ళల్లో చెప్పారు. కులపెద్ద తమ్ముడు చప్పిడి కూడు మొదలుపెట్టాడు. నేను మాత్రం తాత పడవే ఎక్కేదాన్ని. మరుసటి రోజు మడుగు మధ్యలో కోడలు చెప్పిందంతా చెప్పాను. ఆయన గెడ ఆపలేదు.

"అదా సంగతి" అన్నాడు. "నాకే మతి తప్పిందనుకున్నా."

"ఎందుకు ఒప్పుకున్నావు తాతా, చేయని తప్పు? దొంగన్నారు నిన్ను."

"అంటే అన్నారు. దొంగయితే దొంగని మార్చుకుంటారు. ఇంకో నాలిక పెట్టుకుంటారు. నాలికే ఉత్తిదని తెలిస్తే గొట్టం వచ్చుద్ది." కాస్త దూరం పోయాక మళ్ళీ అన్నాడు: "ఆ పిల్ల సంగతి ఎవరికీ చెప్పమాకండి. చేపల్ని చంపిందంటారు. దానికి ఇంకా బతుకుంది."

"చెప్పను."

ఈసారి నమ్మేదెట్టా అనలేదు.

"ఇంతకీ ఆ గొడుగు ఎక్కడిది?" అన్నాను. ఇంత జరిగాక కూడా నా బుద్ధి పోలేదు.

"నమ్మి అడుగుతున్నారా, నమ్మక అడుగుతున్నారా?" అన్నాడు. ఆ గొడుగు సంగతి నాకిప్పటికీ తెలియదు. మరుసటి యేడు నాకు మైలవరం వైపు బదిలీ అయింది. డెబ్భై ఏడు ఉప్పెనకి ముందే ఆయన మంచం మీదే పోయాడని చాలా కాలానికి తెలిసింది. గుడ్డు మాటా, కోడలి మాటా అంతవరకు నా నోట్లోనే ఉన్నాయి. ఇవాళ రాశానంటే, ఇక వాళ్ళెవరికీ దీనివల్ల చెడు జరగదని నమ్మకం కుదిరాకే.

కానీ మొన్న ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు గుర్తొచ్చింది ఇదేదీ కాదు. ఆ వేసవి సెలవులిచ్చిన రోజు. బందరు బస్సు అందుకోవడానికి పెట్టెతో సహా పడవ ఎక్కాను. అవతలి ఒడ్డు చేరాక తాత పడవ కట్టేసి, మడచెట్టు నీడన కూచుని సత్తు డబ్బా విప్పాడు. అన్నం, చేపల పులుసు.

"ఇయ్యాల నించి ఉప్పు తింటున్నానమ్మా" అన్నాడు. "ఇంక నాకు అడ్డేముంది? కోడలికి చెప్పా, అందరితో పాటే నాకూ వెయ్యమని. ముప్ఫై ఏళ్ళయింది ఉప్పేసిన పులుసు తిని."

కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు. ఎడమ కన్ను మూశాడు. తరవాత డబ్బా నా వైపు జరిపి, పసివాడు అడిగినట్టు అడిగాడు:

"ఉప్పు సరిపోయిందా, చూసి చెప్పండమ్మా."

నేను ఎవరింట్లోనూ ఎంగిలి డబ్బాలో చెయ్యి పెట్టేదాన్ని కాదు. ఆ రోజు పెట్టాను. కొంచెం పులుసు తీసుకుని నోట్లో వేసుకున్నాను. ఉప్పు లేదు. ఒక్క రవ్వ కూడా లేదు. ఆ పిల్ల చెయ్యి అలవాటు కొద్దీ మావయ్య చప్పిడి గిన్నెలోంచే తోడి డబ్బాలో పోసింది.

"సరిపోయింది తాతా" అన్నాను. "చక్కగా సరిపోయింది."

ఆయన నా మొహం వంక చూశాడు. నా సంచిలో తాళం పట్టుకున్న కళ్ళు అవి. నేను చూపు తిప్పుకోలేదు. నమ్మేదెట్టా అంటాడని ఎదురు చూశాను. అనలేదు. డబ్బా దగ్గరికి లాక్కుని ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"నాకూ తెలుస్తానే ఉందమ్మా" అన్నాడు.